అటకెక్కిన యువరాజు

తెర మీది ఆటలు – 14వ భాగం

ఏటా అక్టోబరు 3న నేనొక పాత వీడియో పెట్టుకుని చూస్తాను. నిడివి చాలా తక్కువ. రంగు వెలిసిన వీహెచ్ఎస్ బొమ్మ. ఖాళీగా ఉన్న కార్ల పార్కింగ్ స్థలం. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న హైస్కూలు కుర్రాడొకడు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతాడు. ఆగుతాడు. గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ పరుగు లంకించుకుంటాడు. ఉన్నట్టుండి కాళ్లు చాపి ఒక్క దూకు దూకుతాడు. అంతే.

ఆ కుర్రాణ్ని నేనెప్పుడూ కలవలేదు. కానీ ఆ పరుగు నాకు కంఠతా వచ్చు. ఆగబోయే ముందు ఆ పాదం కాస్త జారడం, దూకి నేలమీద వాలాక మోకాళ్లు వంగి ఒళ్లు కుదురుకోవడం, ఇవన్నీ నా వేళ్లకు తెలుసు. నా ఈడు తెలుగువాళ్లలో వేలమందికి తెలుసు. కంప్యూటర్ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో నల్లటి డాస్ తెర మీద ‘ప్రిన్స్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే వచ్చే ఆ తెల్లబట్టల యువరాజు ఈ కుర్రాడే. పేరు డేవిడ్ మెక్నర్. వీడియో తీసినవాడు అతని అన్న జోర్డాన్. తీసింది 1985 అక్టోబరులో, న్యూయార్క్ దగ్గరి చపాక్వాలో, వాళ్లు చదివిన హైస్కూలు ఎదురుగా ఉన్న రీడర్స్ డైజెస్ట్ కార్యాలయం పార్కింగ్ స్థలంలో. అవును, మన ఇళ్లల్లో నాన్నలు, తాతలు కట్టలు కట్టి దాచుకున్న ఆ రీడర్స్ డైజెస్టే.

‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ 1989 అక్టోబరు 3న అమెరికాలో విడుదలైంది. 2024తో 35 ఏళ్లు నిండాయి. ఈ సందర్భాన్ని ఈ భాగంలో ఎలా చెప్పుకోవాలా అని చాలా ఆలోచించాను. ఆటల వార్షికోత్సవం అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది వేలంపాట. 2021 జులైలో అమెరికాలోని హెరిటేజ్ సంస్థ నిర్వహించిన వేలంలో సీలు విప్పని ‘సూపర్ మేరియో 64’ పెట్టె ఒకటి 15.6 లక్షల డాలర్లు పలికింది. పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, మార్కులు వేసి, ఎవరూ తాకకుండా ఉంచిన పెట్టె అది. దాన్ని ఎవరూ ఆడలేదు కాబట్టే దానికంత ధర. నాకు ఈ లెక్క మింగుడు పడదు. చేత్తో తాకిన, చెమట అంటిన, పని చేసి అలసిన వస్తువుల్లోనే నాకు చరిత్ర కనబడుతుంది. యువరాజు విషయంలో అలాంటి వస్తువులు కొన్ని అదృష్టవశాత్తూ మిగిలాయి. ఒక వీడియో టేపు, కొన్ని ఫోటోలు, కొన్ని డైరీలు, డబ్బాల్లో కొన్ని ఫ్లాపీలు. ఈసారి కథ వాటి వెంటే నడుస్తుంది.

ముందు ఆ టేపు ఆటగా ఎలా మారిందో చెప్పాలి. ఎందుకంటే ఈ ఆట ప్రాణమంతా అక్కడే ఉంది.

జోర్డాన్ మెక్నర్ 1964లో న్యూయార్క్‌లో పుట్టాడు. యేల్ యూనివర్సిటీలో చదువుతూనే ‘కెరటెకా’ అనే ఆట రాశాడు. కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్‌లో ఉన్న బ్రోడర్‌బండ్ సంస్థ దాన్ని 1984లో విడుదల చేస్తే బాగా అమ్ముడుపోయింది. అందులోనే అతనొక పద్ధతి పట్టుకున్నాడు. మనుషులు కదులుతుంటే ఫిల్ము తీసి, ఆ ఫిల్ము మీదినుంచి బొమ్మ గీసుకోవడం. కార్టూన్ చిత్రాలవాళ్లు దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. అది వాళ్లకు పాత విద్యే. కంప్యూటర్ ఆటల్లో మాత్రం అప్పటికి బొమ్మలు బొమ్మల్లాగే కదిలేవి. చేతులు కాళ్లు ఊపుకుంటూ జారిపోయేవి. బరువనేది ఉండేది కాదు.

రెండో ఆటకు జోర్డాన్ ఇదే పనిని ఇంకా లోతుగా చేశాడు. తమ్ముణ్ని వీడియో తీశాడు. టేపును టీవీలో పెట్టి ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి, టీవీ తెరను మామూలు కెమెరాతో ఫోటో తీశాడు. ఫిల్మును గంటలో కడిగిచ్చే స్టూడియోలో ఇచ్చి ప్రింట్లు తెచ్చుకున్నాడు. ఆ ప్రింట్లను వరసగా పేర్చి అతికించి, తమ్ముడి ఒంటి ఆకారాన్ని వైట్‌నర్‌తో తెల్లగా, చుట్టూ ఉన్నదాన్నంతా నల్ల మార్కరుతో నల్లగా దిద్దాడు. దాన్ని జిరాక్స్ తీస్తే తేలింది స్వచ్ఛమైన నీడబొమ్మ. ఆ జిరాక్సు కాగితాన్ని వీడియో కెమెరా ముందు పెట్టి, ఆపిల్ 2 కంప్యూటర్‌లో బిగించిన కార్డు ద్వారా లోపలికి ఎక్కించాడు. ఆ తర్వాత చుక్క చుక్క సవరించుకుంటూ కూర్చున్నాడు.

ఒక్కసారి ఆ కాగితాన్ని ఊహించుకోండి. నా దగ్గర ఆ ఫోటోల నకలు ఉన్న పుస్తకం ఒకటుంది. జోర్డాన్ ఆ రోజుల్లో రాసుకున్న డైరీలను 2020లో స్ట్రైప్ ప్రెస్ బొమ్మలతో సహా అచ్చువేసింది. ఆ పుటల్లో మార్కరు గీతలు కొన్నిచోట్ల మోచేతి అంచు దాటి బయటికి పోయాయి. వైట్‌నర్ పెచ్చుకట్టిన చోట బొమ్మ కాస్త ఉబ్బింది. తోలుబొమ్మలాట చూసిన తెలుగువాడికి ఆ నీడబొమ్మలు పరాయివనిపించవు. చర్మం మీద గీసి, చిల్లులు పొడిచి, దీపం వెనక నిలబెట్టిన రాముడు కదులుతుంటే ఊరంతా అది బొమ్మని మరిచిపోయేది. ఇక్కడా పని అదే. నీడకు బరువు తేవడం.

పరుగు తమ్ముడిదైంది. కత్తి ఎవరిది? జోర్డాన్‌కు గానీ తమ్ముడికి గానీ కత్తియుద్ధం రాదు. అందుకని 1938 నాటి ‘రాబిన్ హుడ్’ సినిమా టేపు తెచ్చుకున్నాడు. మనకు కత్తి కాంతారావు ఎలాగో వాళ్లకు ఎరోల్ ఫ్లిన్ అలాగ. చివరి యుద్ధంలో ఎరోల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ సరిగ్గా పక్కవాటంగా కెమెరాకు కనబడేది కొన్ని సెకన్లే. ఆ కాసిని సెకన్లూ ఫ్రేము ఫ్రేముగా విడదీసి ఆటలోకి తెచ్చాడు. యువరాజు కత్తి ఎత్తి అడ్డుకోవడం, వెంటనే ముందుకు పొడవడం, వెనక్కి ఒక అడుగు వేయడం, అన్నీ అక్కడివే. ఇక రాకుమారి కోసం సంస్థలో తోటి ఉద్యోగి కూతుర్ని తెల్ల గౌనులో నిలబెట్టి వీడియో తీశాడు. సంగీతం సమకూర్చింది కన్నతండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్. ఆయన వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త. ఆటలో చివరికి అన్నీ ఇంటివాళ్లవీ, ఇరుగుపొరుగువాళ్లవీ అయ్యాయి. నాలుగేళ్లు పట్టింది. మధ్యలో అతని మనసు సినిమా రచన మీదికి పోయి నెలల తరబడి ఆట పక్కన పడి ఉంది. డైరీల్లో ఆ ఊగిసలాటంతా దాచకుండా ఉంది. ఆటల చరిత్రలో ఇంత నిజాయితీగా రాసుకున్న రోజువారీ లెక్క నేనింకొకటి చదవలేదు.

ఆ డైరీల్లో నాకు బాగా నచ్చిన ఘట్టం నీడమనిషిది.

ఆట నడవాల్సింది 128 కిలోబైట్ల మెమరీ ఉన్న యంత్రం మీద. ఇవాళ మన ఫోనులో ఒక ‘గుడ్ మార్నింగ్’ బొమ్మ కూడా అందులో పట్టదు. తమ్ముడి పరుగులూ దూకుళ్లూ కలిసి ఆ చోటంతా ఆక్రమించేశాయి. యువరాజు ఒంటరిగా కోట కింద పరుగెడుతుంటాడు తప్ప ఎదురు నిలిచేవాడు లేడు. బ్రోడర్‌బండ్‌లో పనిచేసే టోమీ పియర్స్ అనే స్నేహితురాలు పట్టు విడవలేదు. పోరు లేనిదే ఆట రక్తి కట్టదని పదే పదే పోరింది. ఇంకో మనిషి బొమ్మలు పెట్టడానికి చోటే లేదని ఇతని బాధ. ఆ చిక్కులోంచి పుట్టిందే ఉపాయం. యువరాజు బొమ్మనే తీసుకుని, దాన్ని ఒక్క బిట్ పక్కకు జరిపి, మళ్లీ దానితోనే ‘ఎక్స్ఓఆర్’ అనే లెక్క కట్టాలి. రెండు బొమ్మలూ ఒకే రకంగా ఉన్నచోట చెరిగిపోతాయి. తేడా ఉన్న అంచులే మిగిలి మిలమిలలాడతాయి. కొత్త బొమ్మ ఒక్కటీ అక్కర్లేదు. అదనపు మెమరీ దాదాపు సున్నా. అదే రూపం, అదే పరుగు, కానీ వెలుగు తిరగబడ్డ మనిషి.

ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నాలుగో అంకం చివర తలుపు తెరుచుకున్నాక దారికి అడ్డంగా నిలువుటద్దం ఒకటి లేస్తుంది. వేరే దారి లేదు. పరుగెత్తుకొచ్చి అద్దంలోకే దూకాలి. దూకగానే మన ప్రాణం ఒకే ఒక్క చుక్కకు పడిపోయి, అద్దం అవతలి వైపు నుంచి నీడ బయటపడి పారిపోతుంది. ఆ తర్వాత ఒకచోట మనకంటే ముందొచ్చి మనం తాగాల్సిన సీసా తాగేస్తుంది. ఇంకోచోట మనం గెంతి అంచు పట్టుకోబోయేసరికి గేటు మూసేసి మనల్ని కింద పడేస్తుంది. చివరికి పన్నెండో అంకంలో కత్తి దూసి ఎదురు నిలుస్తుంది. దాన్ని పొడిస్తే మన నెత్తురే కారుతుంది. చంపితే చచ్చేది మనమే. కత్తి ఒరలో పెట్టి ఎదురెళితేనే రెండూ ఒకటై దారి తెరుచుకుంటుంది. చోటు చాలక చేసిన సర్దుబాటులోంచి ఇంత లోతైన కథ పుట్టింది. ఆటల రచనలో ఇంతకు మించిన సంఘటన నా ఎరుకలో లేదు.

ఇంత చేసి విడుదల చేస్తే ఆట చప్పగా పడుకుంది. ఆపిల్ 2 యంత్రం పుట్టింది 1977లో. 1989 నాటికి దాని రోజులు దగ్గరపడ్డాయి. దుకాణాలవాళ్లు దాని ఆటలకు అరల్లో చోటివ్వడమే మానేశారు. పత్రికలు మెచ్చుకున్నా, అమెరికాలో ఆపిల్ 2 మీద అమ్ముడైనవి ఏడువేల కాపీలు. ప్రాణం పోసింది పరాయి దేశాలే. జపాన్‌లో 1990 జులైలో పీసీ-98 యంత్రానికి వచ్చిన కూర్పు బాగా నడిచింది. యువరాజు నెత్తిన తలపాగా, ఒంటిమీద చేతుల్లేని కోటు మొదట అక్కడే వచ్చాయి. మనం డాస్‌లో ఆడిన యువరాజుకు తలపాగా ఉండేది కాదు, గుర్తు చేసుకోండి. 1992లో మ్యాకింటోష్ కూర్పు కొత్త పెట్టెలో వచ్చి, అమెరికాలో కూడా ఆట నిలదొక్కుకుంది. అదే ఏడు సూపర్ నింటెండోకు తెచ్చిన జపాన్‌వాళ్లు పన్నెండు అంకాలను ఇరవై చేసి, గంట గడువును రెండు గంటలకు పెంచారు.

పెట్టెలంటే గుర్తొచ్చింది. 1989 నాటి మొదటి పెట్టె మీది బొమ్మ రాబర్ట్ ఫ్లోర్జాక్ వేసిన తైలవర్ణ చిత్రంలాంటి పెయింటింగ్. పాత సాహస చిత్రాల వాల్‌పోస్టర్లా ఉంటుంది. సేకరించేవాళ్లు దాని కోసం పడి చస్తారు. నేను మాత్రం పెట్టె లోపలుండే చిన్న మాన్యువల్‌ కోసం వెతుకుతాను. కారణం ఉంది. డాస్ కూర్పులో మొదటి అంకం దాటగానే సీసాలు వరసగా పేర్చిన గది వస్తుంది. ఒక్కో సీసా పైన ఒక్కో అక్షరం. మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట చూసుకుని, ఆ మాట మొదటి అక్షరం ఉన్న సీసా తాగాలి. తప్పు సీసా తాగితే ప్రాణం తరుగుతుంది. దొంగ కాపీలను ఆపడానికి పెట్టిన గది అది. కొనుక్కున్నవాడి చేతిలో ఆ చిన్న పుస్తకం ఉంటుంది. లేనివాడు సీసాల ముందు నిలబడి దిక్కులు చూడాలి.

మేం ఆ గదిలో దిక్కులు చూసినవాళ్లం.

1997లో తెనాలిలో నేనొక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో చేరాను. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, మూణ్నెల్ల కోర్సు. గంటన్నర క్లాసులో చివరి పావుగంట సారు టీ తాగడానికి కిందికి వెళ్లేవారు. ఆ పావుగంట కోసమే మేమందరం ఫీజు కట్టామని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక్కో యంత్రం దగ్గర నలుగురం. మీటలు నా చేతిలో, సలహాలు పక్కవాళ్ల నోట్లో. “ఒరేయ్, షిఫ్ట్ వదలకు! వదిలితే పడతావ్!” షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే యువరాజు అంచు పట్టుకుని వేలాడతాడు. మెల్లగా అడుగులేస్తాడు. నేలలోంచి లేచే ఇనప ముళ్ల మధ్య నుంచి బతికి బయటపడతాడు. ఆ మీట పేరు మాకు లోటస్ కంటే ముందు వచ్చింది. ‘ప్రిన్స్ మెగాహిట్’ అని కొడితే అంకాలు దాటించే దొడ్డిదారి ఉందని గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు చెప్పినరోజు వాడికి మేం సమోసాలు తినిపించాం.

కథ ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. రాజు ఊళ్లో లేడు. మంత్రి జాఫర్ మాంత్రికుడు. రాకుమారి చెరలో ఉంది. తనను పెళ్లాడు, లేదా చావు అని గంట గడువు. ఇసుక గడియారంలో ఇసుక రాలుతోంది. జానపద సినిమాలు చూసి పెరిగిన పిల్లలకు ఇందులో తెలియనిదేముంది? ఎనిమిదో అంకంలో మన యువరాజు మూసిన గేటు వెనక చిక్కుకుపోతే, రాకుమారి పంపిన చిట్టెలుక పరుగున వచ్చి మీట మీద ఎక్కి గేటు తెరుస్తుంది. ఆ ఎలుక మొదటిసారి వచ్చినరోజు గదిలో అందరం లేచి నిలబడ్డాం. అది నాకు నిన్నటిలాగే ఉంది.

ఆ ఆట ఉన్న ఫ్లాపీ నా దగ్గర ఇంకా ఉంది. మూడున్నర అంగుళాలది, నీలం రంగు. లేబుల్ మీద నీలి బాల్‌పెన్నుతో ‘ప్రిన్స్ + డేవ్’ అని రాసి, కింద గీత గీసి ఉంది. ఆ రాత నాది కాదు. ఎవరి చేతిరాతో గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. మొన్నామధ్య ఒక మిత్రుడి దగ్గర యూఎస్‌బీ డ్రైవు ఉందంటే తీసుకెళ్లి పెట్టాను. లోహపు రేకు పక్కకు జరిపి చూస్తే గోధుమ రంగు పళ్లెం మీద తెల్లటి బూజు చుక్కలు. డ్రైవు నాలుగుసార్లు టకటకమని, ఆగిపోయింది. కోస్తా తేమకు అంతకాలం బతకడమే గొప్ప. నాది దొంగ కాపీయే. మాన్యువల్‌ ఎన్నడూ చూడనివాడి కాపీ. అయినా ఆ టకటక విన్నప్పుడు గొంతు పట్టేసింది.

నా ఫ్లాపీ పోతే పోయింది. లోకంలో కాపీలు కోకొల్లలు. కానీ ఆట తాలూకు అసలు కోడ్? జోర్డాన్ చేత్తో 6502 అసెంబ్లీ భాషలో రాసిన మూలం? అది కూడా దాదాపు ఇలాగే పోయింది.

2002లో ఆ సంగతి తెలిసింది. ఫ్రాన్స్ సంస్థ యూబీసాఫ్ట్ తన మాంట్రియల్ స్టూడియోలో యువరాజును మళ్లీ లేపుతోంది. ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ తయారవుతోంది. అందులో ఒక మూల పాత ఆపిల్ ఆటను కూడా దాచిపెడితే బావుంటుందనుకున్నారు. జోర్డాన్ మూల కోడ్ కోసం వెతికాడు. తన దగ్గర లేదు. బ్రోడర్‌బండ్ 1998లోనే చేతులు మారిపోయింది. పాత సహోద్యోగులను అడిగినా లాభం లేకపోయింది. పదేళ్లు గడిచాయి. ఇక దొరకదనే అనుకున్నాడు.

2012 మార్చి చివర్లో న్యూయార్క్ నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. పంపింది తండ్రి. ఇంట్లో అలమర సర్దుతుంటే వెనకమూల కొడుకు సామాను కనబడిందట. తీసి లాస్ ఏంజెలిస్‌కు పంపాడు. పెట్టెలో పాత ఆటల కాపీలు ఏవో ఉన్నాయి. వాటితోపాటు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో మూడున్నర అంగుళాల ఫ్లాపీలు. లేబుళ్లు చెప్పింది ఒక్కటే సంగతి: ప్రిన్స్ ఆఫ్ పర్షియా, సోర్స్ కోడ్, 1989.

దొరికితే సరిపోదు. ఫ్లాపీ అయస్కాంతపు పూత. ఇరవై మూడేళ్ల తర్వాత అందులో అక్షరాలు మిగిలాయో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక్కోసారి చదవబోయిన డ్రైవే ఆ పూతను గీకేస్తుంది. రెండో అవకాశం ఉండకపోవచ్చు. జోర్డాన్ తొందరపడలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పనిచేసే జేసన్ స్కాట్‌ను పిలిచాడు. పాత సాఫ్ట్‌వేర్‌ను కాపాడటమే జీవితంగా పెట్టుకున్న మనిషి ఆయన. ఆపిల్ 2 యంత్రాలను చిలకల్లా పెంచుకునే టోనీ డియాజ్ తన పాత యంత్రాలు మోసుకుని వచ్చాడు. 2012 ఏప్రిల్ 16న జోర్డాన్ ఇంట్లో టేబుళ్లన్నీ తీగలతో, డ్రైవులతో నిండిపోయాయి.

మూడున్నర అంగుళాల ఫ్లాపీలు పెద్దగా ఇబ్బంది పెట్టకుండా తెరుచుకున్నాయి. చిక్కు వచ్చింది అయిదుంపావు అంగుళాల పాత ఫ్లాపీలతో. ఎందుకో చెప్పాలంటే మళ్లీ చోటు సంగతికే వెళ్లాలి. మామూలు ఆపిల్ ఫ్లాపీలో ఒక్కో ట్రాకుకు 16 సెక్టార్లు. మొత్తం 140 కిలోబైట్లు. యువరాజుకు అది చాలదు. రోలాండ్ గుస్టాఫ్సన్ అనే ప్రోగ్రామరు ట్రాకుకు 18 సెక్టార్లు కుక్కే సొంత పద్ధతి తయారుచేశాడు. దొంగ కాపీలు తీసేవాళ్లకు కూడా అది కొరుకుడు పడేది కాదు. అప్పట్లో దొంగల మీద వేసిన తాళం ఇప్పుడు ఇంటివాళ్లకే అడ్డొచ్చింది. ఎలాగోలా దాన్నీ విప్పారు. ఒక్కో ఫైలు పేరూ తెర మీద రావడం, తన ఇరవయ్యో పడిలో తాను రాసుకున్న వరసలను నడివయసు మనిషి మళ్లీ చదువుకోవడం, దాన్ని తలుచుకుంటే నాకు ఏ వేలంపాటా ఆనదు. బయటపడ్డ కోడ్‌ను అతను అమ్ముకోలేదు. వెంటనే గిట్‌హబ్‌లో అందరికీ పెట్టేశాడు. ఇవాళ మన ఊరి ఇంజనీరింగ్ కుర్రాడెవడైనా సరే నీడమనిషిని పుట్టించిన ఆ లెక్కను ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

ఆ తర్వాత కూడా జోర్డాన్ తన డైరీలు, టేపులు, కాగితాలు చాలా భాగం రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ ఆటల మ్యూజియంకు ఇచ్చాడు. మంచి పని చేశాడు. ఇంట్లో అలమర ఎంత మంచిదైనా దానికి వాతావరణం అదుపులో ఉండదు. మన దగ్గర 90లలో తయారైన తెలుగు సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, చిన్న చిన్న ఆటలు రాసినవాళ్లు ఈ మాట పట్టించుకోవాలని నా మనవి. మీ అటక మీద కూడా ఒక డబ్బా ఉండి ఉంటుంది. దించండి. ఈ ఎండాకాలం దాటకముందే దించండి.

తర్వాతి యువరాజుల గురించి చెప్పుకోవాలంటే ఇంకో భాగం కావాలి. క్లుప్తంగా చెబుతాను. 1993లో రెండో ఆట, 1999లో అంతగా ఆదరణకు నోచని మూడో ఆట. 2003 నవంబరులో ‘సాండ్స్ ఆఫ్ టైమ్’, కాలాన్ని వెనక్కి తిప్పే బాకుతో. ఇందులో తప్పు చేస్తే చావక్కర్లేదు, బాకు నొక్కితే పడిన మనిషి గాల్లోకి లేచి మళ్లీ అంచు మీదికి వస్తాడు. ఆ వరసలో కొనసాగింపుగా మొదలుపెట్టిన ఆటే దారి మళ్లి ‘అసాసిన్స్ క్రీడ్’ అనే వేరే మహావృక్షమైంది. 2010లో డిస్నీ సినిమా తీసింది. 2020 సెప్టెంబరులో ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ను కొత్తగా చేస్తున్నామని ప్రకటించినప్పుడు ఆ పని అప్పగించింది మన పుణె, ముంబయి స్టూడియోలకు. ఆ వార్త విన్నరోజు చాలా పొంగిపోయాను. 2022లో పనిని మళ్లీ మాంట్రియల్‌కు మార్చారు. ఆ బాధ నాకింకా ఉంది. 2024 జనవరిలో వచ్చిన ‘ది లాస్ట్ క్రౌన్’ మాత్రం మనసు నింపింది. కాఫ్ పర్వతం, సీముర్గ్ పక్షి, పర్షియా పురాణాల లోకమది. ఆటలో పాత్రలన్నీ ఫార్సీ భాషలోనే మాట్లాడే ఏర్పాటు కూడా పెట్టారు. పేరులో పర్షియా ఉన్న ఆటకు 35వ ఏట ఆ భాష దక్కింది.

మళ్లీ ఆ అట్టపెట్టె దగ్గరికే వస్తాను. దాన్ని అన్నేళ్లు అలమరలో ఉంచిన ఫ్రాన్సిస్ మెక్నర్ 1931లో వియన్నాలో పుట్టాడు. యూదు కుటుంబం. 1938లో నాజీలు ఆస్ట్రియాను మింగేశాక ఇల్లూ వాకిలీ వదిలి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఏడేళ్ల ఫ్రాన్సిస్ ఫ్రాన్స్‌లో చోటునుంచి చోటుకు తరలుతూ, తరుముకొస్తున్న సైన్యానికి ఎడంగా ఉంటూ, అట్లాంటిక్ అవతల ఉన్న తనవాళ్లను చేరడానికి పెద్ద ప్రయాణమే చేశాడు. జోర్డాన్ తాత అడాల్ఫ్ ఆ రోజులన్నీ మరిచిపోకుండా వయసు మీదపడ్డాక రాసిపెట్టాడు. ఆ రాతలను, తండ్రి జ్ఞాపకాలను కలిపి జోర్డాన్ ‘రీప్లే’ అనే బొమ్మల పుస్తకం చేశాడు. అది 2023లో ఫ్రెంచిలో, 2024లో ఇంగ్లిషులో వచ్చింది. బొమ్మలు వేయడానికి వేరేవాళ్లను పెట్టుకోలేదు. 1985లో తమ్ముడి పరుగును ఫోటోల మీద మార్కరుతో దిద్దిన చేత్తోనే, ఈసారి ఫ్రాన్స్‌లో దిక్కుతోచక తిరుగుతున్న ఏడేళ్ల తండ్రిని గీశాడు.